మూడో దండ

మా ఊరు సభలకీ పండగలకీ చేరే పొడుగింట్లో, మా వైపు బల్ల మీద, పొయ్యికి దగ్గరగా, ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంటుంది. పిల్లలు తెలియక అక్కడ కూర్చోబోతే ఎవరో ఒకరు చొక్కా పట్టుకుని పక్కకి లాగుతారు. అది మా తాబేలు వంశం పెద్ద కూర్చునే చోటు. మా మేనమామ అంబ్రోస్ కెటిల్ అక్కణ్ణించి లేచి వెళ్ళాక ఇంకెవరూ కూర్చోలేదు. కూర్చోబెట్టాల్సింది నేనే. మాలో మగవాడి తలమీద జింక కొమ్ములు పెట్టి పెద్దని చేసేదీ ఆడవాళ్ళే, తప్పు చేస్తే ఆ కొమ్ములు తీసేసేదీ ఆడవాళ్ళే. మా అమ్మ తర్వాత మా వంశానికి పెద్దమ్మని నేను. ఏటా మంచు పడ్డాక ఎవరో ఒకరు మా ఇంటికి రావడం, వేడివేడిగా మొక్కజొన్న సూపు తాగడం, "లూయెలా, ఆ చోటు ఇంకా ఎన్నాళ్ళు అలా వదిలేస్తావే" అని అడగడం మామూలే. నేను గిన్నెలు కడుక్కుంటూ ఊరుకుంటాను. ఊరుకోవడం మా ఇంట్లో వంశపారంపర్యంగా వస్తోంది.

ఈ ఏడు మాత్రం ఊరుకోబుద్ధి కావడం లేదు. మొన్న బంతాట దగ్గర ఒక కుర్రాడు, మంచివాడే, నన్ను నొప్పించాలని కూడా కాదు, "మీ మామయ్య గుట్ట అమ్ముకున్నాడటగా అత్తా" అన్నాడు. వాడు పుట్టేనాటికే మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. మామయ్య పోయినా ఆ అబద్ధం మాత్రం వాడి దాకా బతికే ఉంది. అందుకే చెప్తున్నాను.

మాది బాస్‌వుడ్ వాగు ఒడ్డు. సెనెకా తెగ వాళ్ళం, తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అమెరికాలో ఉన్న పొడుగింటి జనంలో ఒకళ్ళం. పొయ్యికి ఇవతల తాబేళ్ళు, తోడేళ్ళు, ఎలుగులు. అవతల డేగలు, జింకలు, ఉల్లంకి పిట్టలు. ఇవతలి వాళ్ళకి అవతలి వాళ్ళు బావలు. పెళ్ళి కావాలంటే బావల వైపు వెళ్ళాలి, చావొచ్చినా బావలే రావాలి. ఇంట్లో మనిషి పోతే ఆ వైపు వాళ్ళు ఏడవాలి, అంతే వాళ్ళ పని. గొయ్యి తవ్వేది, వండి పెట్టేది, నిలబడి ఓదార్పు మాటలు చెప్పేది అంతా అవతలి వైపు. ఏడ్చేవాళ్ళు తమ కన్నీళ్ళు తామే తుడుచుకోకూడదు.

ఆ ఓదార్పు మాటలకి మూడు గవ్వల దండలుంటాయి. మాట చెప్పేవాడు ఒక్కో దండా చేతిలో పట్టుకుని ఒక్కో మాట చెప్పి, ఏడ్చేవాళ్ళ ముందు పెడతాడు. మొదటి దండ కళ్ళు తుడవడానికి, మళ్ళీ వెలుగు కనిపించేలా. రెండోది చెవుల్లో దుమ్ము దులపడానికి. మూడోది గొంతుకి. దుఃఖం గొంతులో అడ్డం పడుతుంది కాబట్టి దాన్ని తీస్తారు, మనిషి మళ్ళీ మాట్లాడగలిగేలా, ఊపిరి పీల్చుకోగలిగేలా. ఏ మాట చెప్పాలన్నా దండ చేతిలో ఉండాలి. దండ పట్టుకుని అబద్ధం చెప్పిన మనిషిని మా అమ్మ ఎరగదు, మా అమ్మమ్మ ఎరగదు. అలా చెప్పొచ్చని కూడా ఎవరికీ తోచలేదు.

మామయ్య ఈ మాటలన్నీ చిన్నప్పుడే నేర్చుకున్నాడు. మా అమ్మమ్మ అన్నగారు చిక్కుడు పాదుల్లో కలుపు తీస్తూ చెప్పేవాడట, ఈయన వెనకే కలుపు తీస్తూ అప్పజెప్పాలి. నేలతో మొదలుపెట్టి, నీళ్ళు, చేపలు, మొక్కలు, పిట్టలు, గాలులు, చంద్రుడు, చుక్కలు, అన్నిటికీ వరసగా దండం చెప్పుకుంటూ ఆకాశం దాకా వెళ్ళాలి. మధ్యలో చేపల్ని మర్చిపోతే మళ్ళీ నేల దగ్గర్నుంచి. ఆ పాదుల్లోనే ఇంకో పిల్లవాడు కూడా ఉండేవాడు, డేగ వంశం వాడు, క్లేటన్ డాక్స్‌టేటర్. ఇవతలి వైపు నుంచి ఒక మాట వెళ్తే అవతలి వైపు నుంచి జవాబు రావాలి. అందుకని ముసలాయన ఇద్దర్నీ కూర్చోబెట్టి నేర్పాడు.

వాళ్ళిద్దరూ చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నారు. పెద్దయ్యాక రైలు పట్టాల గ్యాంగులో కూడా ఒకే జట్టు. మాలో వంశం తల్లి నుంచి వస్తుంది; మా నాన్నది డేగ వంశమే, కాబట్టి క్లేటన్ నాకు చిన్నాన్న వరస. చలికాలం వస్తే ఇద్దరికీ మంచుపాముల పిచ్చి. హికరీ చెక్కతో మనిషికంటే పొడుగ్గా కర్ర చెక్కి, నున్నగా నూనె పట్టించి, మంచులో తవ్విన సన్నటి కాలవలో విసరాలి. ఎవరి పాము ఎక్కువ దూరం పోతే వాళ్ళది గెలుపు. మామయ్య విసిరితే క్లేటన్ చేతులు నడుముకి పెట్టుకుని, "బావా, నీ పాముకి ముసలితనం వచ్చినట్టుంది, ఎవరైనా చెయ్యి పట్టి నడిపించాలి" అనేవాడు. మామయ్య నవ్వకుండా, "నీది దారిలో పడుకుంది, దుప్పటి కప్పి రా" అనేవాడు. వాళ్ళ మాటలు వినడానికే ఆడవాళ్ళు చలిలో నిలబడేవాళ్ళు.

క్లేటన్ తల్లి పోయింది ఒక వానరోజు. పొడుగిల్లు కారుతోంది. మాట చెప్పాల్సిన ముసలాయన అప్పటికే మంచంలో ఉన్నాడు, కాబట్టి మామయ్య నిలబడ్డాడు. మామయ్య ఒంటరిగా ఆ మాటలు చెప్పడం అదే మొదటిసారి. నేను చిన్నపిల్లని, మా అమ్మ ఒళ్ళో ఉన్నాను, అయినా నాకు గుర్తుంది. మొదటి దండ, రెండో దండ, ఆ తర్వాత మూడోది పట్టుకుని క్లేటన్ ముందు నిలబడి, గొంతులో అడ్డం పడ్డదాన్ని తీసేస్తున్నాం, చల్లని నీళ్ళు తాగు, మళ్ళీ మాట్లాడు అని చెప్పాడు. అంతదాకా రాయిలా కూర్చున్న క్లేటన్ అప్పుడు బావురుమని ఏడ్చాడు. మర్నాడు తన పాముల్లో అన్నిటికంటే మంచిదాన్ని తెచ్చి మా గుమ్మంలో నిలబెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మా అమ్మ పేరు ఐవా. మామయ్యకి అక్క. పాత పెద్ద పోయాక కొమ్ములు ఎవరికి పెట్టాలో ఆమే తేల్చాలి. మామయ్యని నిలబెట్టింది. ఆ రోజు ఆయనకి చెప్పిన మాటల్లో ఒకటి నాకు బాగా నచ్చేది: పెద్ద అయినవాడి చర్మం ఎంత మందంగా ఉండాలంటే, ఎవరు ఎంత కోపంగా మాట విసిరినా లోపలికి దిగకూడదు. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. కొమ్ములు పెట్టుకుని ఇంటికొచ్చిన తమ్ముణ్ణి మా అమ్మ గుమ్మంలోనే ఆపి, "ఇకనుంచి వంగి రా నాయనా, నా తలుపు చెక్క బద్దలవుతుంది" అంది. ఆయన నిజంగానే వంగి వచ్చి, కొమ్ముల టోపీ తీసి మేకుకి తగిలించి, బూడిద నీళ్ళలో ఉడికిన మొక్కజొన్నని బుట్టలో వేసుకుని వాగుకి కడగడానికి వెళ్ళాడు. ఆ పని ఆయనదే, కొమ్ములొచ్చినా మారలేదు. వేటకి పోయి జింకని కొడితే మంచి మాంసమంతా ఊళ్ళో పంచి, మెడముక్క ఇంటికి తెచ్చేవాడు. మా అమ్మ తిట్టుకుంటూ వండేది.

తర్వాత పెద్ద రోడ్డు వచ్చింది. మా నేలలోంచి కాదు, పక్కనుంచి. కాని రోడ్డుకి కంకర కావాలి. మా పొడుగింటి వెనక గుట్ట నిండా కంకరే. ఆ గుట్ట భుజం మీదే మా వాళ్ళని పూడుస్తాం, మా అమ్మమ్మ అక్కడే ఉంది. మందు మొక్కలకి కూడా ఆడవాళ్ళు ఆ గుట్టకే వెళ్తారు. రోడ్డు వాళ్ళు మర్యాదగానే అడిగారు. కాదనరు అన్న నమ్మకంతో అడిగేవాళ్ళకి ఉండే మర్యాద అది.

సభ కూర్చుంది. మాట మా వైపు తిరిగింది, పొయ్యి దాటి అవతలి వైపు వెళ్ళింది, మళ్ళీ మా వైపు వచ్చింది. ఒక్కళ్ళు కాదన్నా మాలో మాట తేలదు, అందరి మనసూ ఒకటి కావాలి. ఆ రోజు అయింది. గుట్ట ఇవ్వం. రోడ్డు వాళ్ళు వచ్చినప్పుడు మామయ్య లేచి ఆ మాట చెప్పాలి, వెంటనే అవతలి వైపు నుంచి క్లేటన్ లేచి మా మాట కూడా అదే, మనసు ఒకటే అనాలి. అప్పటికి గాని ఆ మాటకి బలం రాదు. ఆ సాయంత్రం మామయ్య క్లేటన్ ఇంటికి వెళ్ళాడు. అక్కడే తిన్నాడు. ఆయన వెళ్ళడం, రావడం ఊరంతా చూసింది, ఎందుకంటే వారంలో సగం రోజులు ఆయన అక్కడే తినేవాడు.

మర్నాడు రోడ్డు వాళ్ళు వచ్చారు. మెరుస్తున్న బూట్లతో ఇద్దరు, వాళ్ళ వెనక నిలబడటానికి ఇంకొకడు. మామయ్య దండ పట్టుకుని లేచాడు. ముందు నేలకీ నీళ్ళకీ చేపలకీ దండం చెప్పాడు. వాళ్ళు గడియారాలు చూసుకుంటూ విన్నారు. తర్వాత గుట్ట ఇవ్వం అని చెప్పి, దండని పొయ్యి అవతలికి అందించి కూర్చున్నాడు. దండ క్లేటన్ ముందు ఉంది.

క్లేటన్ లేవలేదు.

టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని, దాని అంచు వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. మొదట అందరం దగ్గొచ్చిందేమో, మాటలు సర్దుకుంటున్నాడేమో అనుకున్నాం. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. అయినా టోపీ తిరుగుతూనే ఉంది. రోడ్డు వాళ్ళలో పెద్దాయన అందర్నీ ఒకసారి చూసి, మీలో మీకే మాట కుదరలేదన్నమాట అని లేచాడు. కుదరలేదని ఎవరన్నారని మామయ్య అడగబోయాడు గాని, అవతలి వైపు మాట్లాడాల్సిన వేళ ఇవతలి వైపు నోరెత్తకూడదు. గుట్టకి ఆనుకుని ఉన్న పొలం క్లేటన్‌ది. ఆకులు రాలేలోపు ఆ పొలంలోంచే లారీలు గుట్టెక్కాయి. వాటిలో రెండు క్లేటన్ కొడుకులే నడిపారు. క్లేటన్, రోడ్డు వాళ్ళూ ముందే మాట్లాడుకున్నారని అప్పుడర్థమైంది.

డేగ వంశం ఆడవాళ్ళు ఊరుకునే రకం కాదు. క్లేటన్‌కి కూడా కొమ్ములున్నాయి, అవి తీసేస్తామని పొడుగింట్లో నిలదీశారు. ఎందుకు లేవలేదో చెప్పమన్నారు. నేను అప్పటికి పెళ్ళైన దాన్ని, చంటిదాన్ని ఎత్తుకుని మా వైపు బల్ల చివర కూర్చున్నాను. క్లేటన్ లేచాడు. దండ తీసుకున్నాడు. అబద్ధం చెప్పబోతున్నాడని నాకు ఏ మూలా అనిపించలేదు. ఎవరికీ అనిపించలేదు.

"నన్ను లేవొద్దన్నది అంబ్రోసే" అన్నాడు. "ముందు రోజు సాయంత్రం మా ఇంట్లో అన్నం తింటూ చెప్పాడు. పైకి వద్దనాలి, లోపల్లోపల కానివ్వాలి అన్నాడు. నేను బావ మాట విన్నాను. అదే నా తప్పు."

అందరి తలలూ మామయ్య వైపు తిరిగాయి. ఆయన క్లేటన్‌ని చూడలేదు. క్లేటన్ చేతిలోని దండని చూస్తున్నాడు. దండ తెచ్చేవాడు దాన్ని పొయ్యి ఇవతలికి తెచ్చి మామయ్య ముందు పట్టుకున్నాడు. చెయ్యి చాపి పట్టుకుంటే ఆయన మాట్లాడొచ్చు. ఆయన చెయ్యి చాపలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, చలికి పిల్లలు పెట్టుకున్నట్టు. పట్టుకున్నవాడి చెయ్యి నొప్పెట్టేదాకా చూసి, చివరికి దండ వెనక్కి తీసుకెళ్ళారు. ఇంకేం కావాలి. మామయ్య తప్పు ఒప్పుకున్నాడు అన్నారు జనం, క్లేటన్ కొమ్ముల జోలికి ఇంక పోలేదు.

కొమ్ములున్నవాడు తప్పు చేస్తే వంశం పెద్దమ్మ మూడుసార్లు హెచ్చరించాలి. మొదటిసారి మా అమ్మ ఒంటరిగా వెళ్ళింది. మామయ్య బుట్టల కోసం చెక్క పేళ్ళు చీలుస్తున్నాడు. ఆమె చెప్పాల్సింది చెప్పింది, ఆయన విన్నానక్కా అన్నాడు. రెండోసారి మా పిన్నిని తోడు తీసుకెళ్ళింది. అదే జవాబు. మూడోసారి వెళ్ళడానికి ముందు మా అమ్మ పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. ఆనవాయితీ ప్రకారం మా వంశంలో ఒక మగమనిషిని వెంటబెట్టుకుని, ఇంటికి కాక నేరుగా పొడుగింటికే వెళ్ళింది, అందరి ముందుకి.

"ఏదైనా ఉంటే చెప్పరా" అంది. "దండ వద్దులే. వీళ్ళెవరూ లేరనుకో. నా మొహం చూసి చెప్పు."

"చెప్పడానికేం లేదక్కా."

మా అమ్మ ఆయన తలమీంచి కొమ్ములు తీసింది. తీస్తుంటే ఒక కొమ్ము ఆయన చెవికి తగిలి గీరుకుపోయింది. ఆమె అలవాటుగా శాలువా అంచుతో ఆ నెత్తురు అద్దబోయి, అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. మామయ్య లేచి, ఎవర్నీ తోసుకోకుండా, తలుపు దగ్గర వంగి బయటికి వెళ్ళాడు. కొమ్ములు లేకపోయినా వంగాడు, అలవాటు కదా. అది చూసి నాకు ఏడుపాగలేదు.

ఆ ఏడు మొక్కజొన్న కోతప్పుడు నేను ఆయన్ని పట్టుకున్నాను. పొలంలో మేమిద్దరమే ఉన్నాం. పొట్టు వెనక్కి మడిచి జడల్లా అల్లుతున్నాం. నువ్వు చెప్పావా మామయ్యా, క్లేటన్ చిన్నాన్న చెప్పింది నిజమేనా అని అడిగాను. ఆయన ఇంకో కంకి అల్లికలో కలిపి, లేదన్నాడు. అంతే, లేదు అని ఒక్క ముక్క. అంత తేలిగ్గా అనేసరికి నాకు పిచ్చికోపం వచ్చింది. కంకులు కింద పారేశాను.

"మరి ఎందుకు నోరు మూసుకుని కూర్చున్నావు? దండ నీ మొహం ముందుకే తెచ్చారుగా?"

"దండ పట్టుకుంటే నిజమే చెప్పాలి కదే."

"చెప్పాల్సింది!"

"చెప్తే ఏమయ్యేది? క్లేటన్ దండ పట్టుకుని అబద్ధం చెప్పాడని అనాలి. రేపట్నుంచి ఎవరు దండ పట్టుకున్నా, వీడు నిజమే చెప్తున్నాడా అని జనం మొహంలోకి చూస్తారు. చచ్చినవాళ్ళ ఇంట్లో కళ్ళు తుడిచినా నమ్మరు. ఊరికీ ఊరికీ మధ్య కబురంపినా నమ్మరు. మనకున్నది అదొక్కటేనే. కొమ్ములదేముంది, మీ అమ్మ ఇంకొకడికి పెడుతుంది."

"వాడికి నువ్వలా ఊరుకుంటావని తెలుసా?"

ఆయన నేను పారేసిన కంకులు ఒక్కొక్కటే ఏరాడు. "తెలుసు" అన్నాడు చివరికి. "అందుకే నా పేరు చెప్పాడు. ఇంకెవరి పేరు చెప్పినా లేచి తిట్టేవాళ్ళు."

నన్ను ఇప్పటికీ కాల్చేది అదే. గుట్ట కాదు, లారీలు కాదు. కొడుకులకి పని కోసం ఒక మనిషి ఆశపడ్డాడంటే అర్థం చేసుకోగలను, మా ఊళ్ళో పని దొరకడం అంత తేలిక కాదు. కాని మామయ్యలో మంచి ఎక్కడుందో వెతికి, దాన్నే కత్తిలా పట్టుకుని ఆయన్నే పొడిచాడు. చిన్నప్పుడు చిక్కుడు పాదుల్లో పక్కన కూర్చుని నేర్చుకున్నది దీనికి వాడుకున్నాడు.

ఆ రోజే వెళ్ళి మా అమ్మకి చెప్పాను. ఒక్క మాట కూడా దాచలేదు. ఆమె బూడిద నీళ్ళ కుండ దించుతూ వింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"నీకు పొలంలో చెప్పాడు, చేతిలో కంకి పట్టుకుని" అంది. "క్లేటన్ అందరి ముందూ చెప్పాడు, దండ పట్టుకుని. నేను దేన్ని నమ్మాలే? వచ్చి నా ముందు కాదని చెప్పమను, కొమ్ములు పట్టుకెళ్ళి ఆ వాగులో నేనే దూకుతాను."

ఆమె వెళ్ళి అడగలేదు, ఆయన వచ్చి చెప్పలేదు. ఒకే వాకిట్లో రెండు ఇళ్ళు. పొద్దున ఆయన కడిగిన మొక్కజొన్న బుట్ట ఆమె గుమ్మంలో పెట్టేవాడు, ఆమె తీసుకునేది. తమ్ముడి మీద నమ్మకం పోయిందని నేను ఆమెని తిట్టాను. ఆయన్నీ తిట్టాను. ఇద్దరూ విని ఊరుకున్నారు.

ఊరివాళ్ళ సంగతి చెప్తే నవ్వొస్తుంది. కొమ్ములు తీసేశారు, అమ్ముడుపోయినవాడన్నారు, వాళ్ళ పిల్లలకి కథలుగా చెప్పారు. తీరా పచ్చి మొక్కజొన్న పండగ వచ్చేసరికి నేల నుంచి చుక్కల దాకా దండం వరస తప్పకుండా చెప్పేవాడు మా వైపు ఇంకెవడూ లేడు. సిగ్గూ ఎగ్గూ లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కొమ్ములు తీసేసుకుని నోరు మాత్రం అరువు అడుగుతున్నారా అని నేను అడిగాను. మామయ్య నన్ను లోపలికి పొమ్మని చెప్పి, చొక్కా మార్చుకుని వాళ్ళతో వెళ్ళాడు. బల్ల మీద తన చోట్లో కూర్చోలేదు. తలుపు పక్కన నిలబడి చెప్పాడు. అవతలి నుంచి జవాబు చెప్పింది క్లేటనే. చిన్నప్పుడు పాదుల్లో చెప్పినట్టే, ఒకరి మాట ఆగిన చోట ఇంకొకరిది అందుకుంది. ప్రతి పండగకీ అలాగే జరిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మంచుపాములు మాత్రం మామయ్య మళ్ళీ విసరలేదు. క్లేటన్ ఇచ్చినది అటక మీద పెట్టాడు.

కొన్నేళ్ళకి మంచు కరిగే రోజుల్లో మామయ్య పోయాడు. దగ్గు పట్టి, అది గుండెల్లోకి దిగింది. చివరి రోజుల్లో మా అమ్మ ఆయన పక్కనే కూర్చుని సూపు తాగించింది. అప్పుడైనా అడుగుతుందేమో, అప్పుడైనా చెప్తాడేమో అని నేను గుమ్మంలో నిలబడి చూశాను. సూపులో ఉప్పు తక్కువైందన్నాడు ఆయన. ఆమె ఉప్పు వేసింది.

పెద్ద పోతే దండలు చాలా ఉంటాయి, ఊళ్ళకి ఊళ్ళే కదిలొస్తాయి. కొమ్ములు లేనివాడికి మూడే. బావల వైపు వాళ్ళు వచ్చి గుట్ట మీద గొయ్యి తవ్వారు, లారీలు తినగా మిగిలిన గుట్ట మీద. వండారు. పొడుగింట్లో మేం, ఏడవాల్సిన వాళ్ళం, మా బల్ల మీద వరసగా కూర్చున్నాం. మేం నోరెత్తకూడదు, మా కళ్ళు మేం తుడుచుకోకూడదు. మాట చెప్పడానికి క్లేటన్ లేచాడు. ఆ వైపు ఇంకెవరికీ అంత బాగా రావు. తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు, జుట్టు నీళ్ళతో దువ్వుకున్నాడు. ఎదురుగా మా అమ్మ కూర్చుంది.

మొదటి దండ పట్టుకుని కళ్ళ మాట చెప్పాడు. బాగా చెప్పాడు, ఎక్కడా తడబడలేదు. దండ మా అమ్మ ముందు పెట్టాడు. రెండోది పట్టుకుని చెవుల మాట చెప్పి పెట్టాడు. మూడోది తీసుకున్నాడు. నోరు తెరిచాడు.

మాట రాలేదు. మళ్ళీ మొదలుపెట్టబోయాడు. పెదాలు కదిలాయి. గవ్వలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతోంది. అతను వాటినే చూస్తున్నాడు, వాటిని ఎప్పుడూ చూడనట్టు. తర్వాత మూడో దండని కూడా మా అమ్మ ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్ళి తన బల్ల మీద కూర్చుని టోపీ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

నేను మా అమ్మని చూశాను. ఆమె ఆ దండనీ చూసింది, ఆ టోపీనీ చూసింది. పొలంలో నేను చెప్పినప్పుడు నమ్మనిది ఆమెకి అప్పుడు తెలిసింది. తన చేతుల్తో ఎవరి కొమ్ములు తీసిందో తెలిసింది. ఆమె నోరు తెరుచుకుంది, కాని గొంతు మాట ఇంకా చెప్పలేదు కదా, ఏడ్చేవాళ్ళు మాట్లాడకూడదు. దండ పెట్టినవాడే మాట చెప్పాలి, ఇంకొకరు అందుకోకూడదు. అలా తెరిచిన నోటితోనే కూర్చుంది, మా వాళ్ళు వచ్చి లేపేదాకా.

పదో రోజు విందులో పోయినవాడి వస్తువులు పంచుతారు. మాట చెప్పినవాడికి ఒకటి ఇవ్వాలి. మా అమ్మ అటక మీంచి ఆ మంచుపాముని దించి, తుడిచి, క్లేటన్ వాటాగా గోడకి ఆనించి పెట్టింది. అతను రాలేదు. అది ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత మా అమ్మ ఎవరికీ కొమ్ములు పెట్టలేదు. అడిగితే, నా చేతులు మంచివి కావు అనేది. ఆమె పోయినప్పుడు క్లేటన్ తను రాకుండా తన మేనల్లుణ్ణి పంపాడు. అతను మూడు మాటలూ చెప్పాడు, చక్కగానే చెప్పాడు. అవి మా అమ్మవి. మామయ్య మాట మామయ్యకి బాకీయే.

మొన్న స్ట్రాబెరీలు పండే రోజుల్లో క్లేటన్ మా ఇంటికొచ్చాడు. వస్తాడని నేను అనుకోలేదు. చాలా ముసలివాడైపోయాడు, కర్ర లేనిదే అడుగు పడదు. వసారాలో కూర్చోబెట్టి సూపు పెట్టాను, పండ్ల పానకం ఇచ్చాను. ఇంటికొచ్చినవాడికి పెట్టకపోతే మామయ్య ఊరుకోడు. పంటల గురించి మాట్లాడాడు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాడు. తలుపులోంచి గోడకున్న మంచుపాము మీద చూపు పడి, వెంటనే తిప్పుకున్నాడు.

"అమ్మాయ్, మీ వైపు ఆ చోటు అలా ఖాళీగా ఉంటే బాగాలేదే" అన్నాడు. "మా మాటకి ఎదురు మాట సరిగ్గా రావడం లేదు. ఎవర్నో ఒకర్ని నిలబెట్టు."

"నిలబెడతాను చిన్నాన్నా. ముందు నువ్వు నిలబడు. మూడో దండ మాట మిగిలిపోయింది. అది చెప్పెయ్."

"ఈ వయసులో నిలబడలేనమ్మా."

"కూర్చునే చెప్పు."

లోపలికి వెళ్ళి దండ తెచ్చాను. మా అమ్మ ముందు పెట్టిన ఆ దండే, ఇన్నేళ్ళూ గుడ్డలో చుట్టి దాచాను. గుడ్డ విప్పి అతని ముందు బల్ల మీద పెట్టాను. అతను పట్టుకుంటే ఏం చెప్పాలో అతనికి తెలుసు, నాకూ తెలుసు. చల్లటి పానకం గ్లాసు మీద చెమట పట్టి బల్ల మీదికి కారుతోంది. అతను రెండు చేతులూ టోపీ మీద పెట్టుకుని, దాని అంచు మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు.

కాసేపటికి లేచి, సూపు బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. నేను దండని మళ్ళీ గుడ్డలో చుట్టాను.